చక్రవర్తి ముఖం, స్వామి పేరు

దేనారం అనే రోమన్ వెండి నాణెం మన రూపాయి బిళ్ల కన్నా చిన్నది. అడ్డుకొలత 18, 19 మిల్లీమీటర్లు, బరువు నాలుగు గ్రాముల లోపు. ఆ కాస్త జాగాలో ఒక మనిషి తల పక్కవాటుగా కనిపిస్తుంది. తల మీద లారెల్ ఆకుల దండ. దండను బిగించిన పట్టీ ముడి తల వెనక ఉంటుంది, దాని కొసలు మెడ మీదికి జారి ఉంటాయి. అంచు వెంట 24 అక్షరాలు. ఇంత చిన్న వెండి బిళ్ల మీద ఇంత పని ఎలా పట్టిందా అని మొదట ఆశ్చర్యం కలుగుతుంది. ఆ ముఖం ఎవరిదో, ఆ అక్షరాలు ఏం చెబుతున్నాయో తెలిశాక ఆశ్చర్యం రెట్టింపవుతుంది.

ఈ నాణేలు మనకు పరాయివి కావు. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో ఒక్కచోటే 1,531 దొరికాయి. వాటిలో ఎక్కువ భాగం ఇద్దరు చక్రవర్తులవి: అగస్టస్, అతని తర్వాత గద్దెనెక్కిన టిబేరియస్. కరీంనగర్ వైపు నస్తుల్లాపూర్‌లో, పల్నాటి వినుకొండలో, కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలో కూడా రోమన్ నాణేలు బయటపడ్డాయి. పాలమూరు వైపు మా బిజినేపల్లికి దక్షిణాన, కృష్ణకు దగ్గరగా ఉన్న వీపనగండ్లలో తర్వాతి కాలపు రోమన్ బంగారు నాణేలు దొరికాయి. నాణేల పరిశోధకుడు పరమేశ్వరీలాల్ గుప్తా 1965లోనే ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన రోమన్ నాణేల మీద ప్రత్యేకంగా ఒక పుస్తకం వెలువరించారు.

బడి పుస్తకాల్లో ఈ నాణేలకు దక్కే చోటు ఒక్క వాక్యం. శాతవాహనుల కాలంలో రోమ్‌తో వ్యాపారం సాగిందనడానికి ఇవి సాక్ష్యమని చెప్పి ముందుకు పోతారు. అది నిజమే. కానీ ఆ నాణెం చెక్కినవాడికి మన వ్యాపారం సంగతి తెలియదు. అతనికి అప్పజెప్పిన పని వేరు. బతికి ఉన్న ఒక మనిషిని, తనలాగే తిని తిరిగే మనిషిని, దేవుళ్ల సరసన నిలబెట్టాలి. అదీ ఎవరికీ కష్టం కలగకుండా. ఆ పని అతను ఎంత నేర్పుగా చేశాడో కాస్త దగ్గరగా చూడాలని నా కోరిక.

ముందు చేతిపని సంగతి. అచ్చు చెక్కేవాడు అంతా తిరగేసి ఆలోచించాలి. నాణెం మీద చెంప ఎత్తుగా రావాలంటే అచ్చులో అక్కడ లోతుగా తవ్వాలి. ముఖం కుడికి చూడాలంటే అచ్చులో ఎడమకు చూడాలి. 24 అక్షరాలూ వెనక నుంచి ముందుకు, అద్దంలో కనిపించినట్టు చెక్కాలి. ముఖం ఉన్న అచ్చును కింద దిమ్మెలో బిగిస్తారు. రెండో వైపు బొమ్మ ఉన్న అచ్చును చేత్తో పట్టుకుంటారు. మధ్యలో వెండి బిళ్ల పెట్టి పైనుంచి సుత్తితో ఒక్క పోటు. ఆ ఒక్క పోటుతో రెండు వైపులా బొమ్మ పడాలి. బిళ్ల కాస్త పక్కకు జరిగితే అక్షరాల సగం అంచు దాటిపోతుంది. అలా జరిగిన నాణేలు చాలానే ఉన్నాయి. అచ్చు అరిగినా పగిలినా మళ్లీ కొత్తది చేత్తోనే చెక్కాలి. అందుకే ఒకే చక్రవర్తి ముఖం ఒక్కో నాణెం మీద ఒక్కోలా ఉంటుంది. ఒక చేతిలో ముక్కు సూటిగా దిగుతుంది, ఇంకో చేతిలో కొస దగ్గర కొంచెం వంగుతుంది. చెవి వెనక జుట్టు పాయలను ఒకడు నాలుగు గీతల్లో తేల్చేస్తే ఇంకొకడు ఒక్కో పాయనూ విడదీసి చూపిస్తాడు. వీళ్లలో ఏ ఒక్కడూ తన పేరు నాణెం మీద పెట్టుకోలేదు.

ఇప్పుడు ఆ అక్షరాలు. టిబేరియస్ నాణెం మీద ఉన్న మాటలకు అర్థం ఇది: టిబేరియస్ సీజర్, దేవుడైన అగస్టస్ కొడుకు, అగస్టస్. చివరి అగస్టస్ అన్నది బిరుదు. ఇక్కడే ఉంది అసలు పనితనం. బతికున్న చక్రవర్తిని ఎక్కడా దేవుడు అనలేదు. చనిపోయిన అతని తండ్రిని మాత్రం దేవుడన్నారు. క్రీ.శ. 14లో అగస్టస్ పోయాక రోమ్ సెనేట్ అతన్ని దేవుడిగా ప్రకటించింది కాబట్టి ఆ మాటలో అబద్ధం లేదు. తండ్రి దేవుడైతే కొడుకు ఎవరు అన్న ప్రశ్నకు జవాబును చదివేవాడికే వదిలేశారు. ఈ ఎత్తు అగస్టస్‌దే. అతని పెంపుడు తండ్రి జూలియస్ సీజర్‌ను క్రీ.పూ. 42లో దేవుళ్లలో చేర్చారు. అప్పటి నుంచి అగస్టస్ తన పేరు పక్కన దేవుని కొడుకు అని రాయించుకున్నాడు. అక్కెనపల్లి రాశిలోని అగస్టస్ నాణేల్లో బాగా ప్రసిద్ధమైన రకం మీద అదే మాట ఉంటుంది, దాని వెంట దేశానికి తండ్రి అన్న బిరుదు కూడా. వెనక వైపు అతను దత్తత తీసుకున్న ఇద్దరు మనవలు గాయస్, లూసియస్ డాళ్లు, ఈటెలు పట్టుకుని నిలబడి ఉంటారు. వాళ్ల తలల మీద ఖాళీ జాగాలో పూజలో వాడే గరిటె ఒకటి, పూజారులు పట్టే వంపు కర్ర ఒకటి. గోటి మీద పట్టేంత చోటులో తాత, తండ్రి, మనవలు, దేవుడు, దేశం, పూజా సామగ్రి అన్నీ అమర్చాడు. ఒక్క గీత కూడా వృథా పోలేదు.

టిబేరియస్ నాణెం వెనక వైపు ఇంకా నెమ్మదైన పని. కుర్చీలో కూర్చున్న ఒక స్త్రీ, ఒక చేతిలో దండం, ఇంకో చేతిలో కొమ్మ. ఆమె శాంతి దేవత అని కొందరు, టిబేరియస్ తల్లి లివియా అని కొందరు అంటారు. నా మటుకు ఆ సందేహం చెక్కినవాడు కావాలనే మిగిల్చాడు. రాజమాతను దేవతలా చూపించాడు, దేవతను రాజమాతలా చూపించాడు. చూసేవాడు తన మనసుకు తోచినట్టు తీసుకోవచ్చు. చుట్టూ ఉన్న మాటలు చక్రవర్తి ప్రధాన పూజారి అని చెబుతాయి. దాదాపు 23 ఏళ్ల పాలనలో ఈ రకాన్ని పెద్దగా మార్చకుండా ముద్రిస్తూనే పోయారు. బైబిల్ చదివినవాళ్లకు పన్ను నాణెం సంగతి గుర్తుంటుంది. ఈ బొమ్మ ఎవరిదని యేసు అడిగిన ఆ దేనారం ఇదే రకమని చాలాకాలంగా అనుకుంటున్నారు. అదే నిజమైతే యెరూషలేములో ఆనాడు చేతులు మారిన నాణేనికి తోబుట్టువులు నల్లగొండ మట్టిలో పడుకున్నాయి.

ఈ రెండు రకాలూ ఎక్కువగా ముద్రించింది ఇప్పటి ఫ్రాన్సులోని లియోన్ పట్నంలో. అప్పట్లో దాని పేరు లుగ్డూనం. అక్కడే రోన్, సోన్ నదులు కలిసే చోట, రోమ్ దేవతకూ బతికున్న అగస్టస్‌కూ కలిపి ఒక పెద్ద బలిపీఠం కట్టారు. క్రీ.పూ. 12లో దాన్ని మొదలుపెట్టించినవాడు టిబేరియస్ తమ్ముడు డ్రూసస్. గాల్ దేశపు తెగలన్నీ ఏటా అక్కడికి ప్రతినిధులను పంపేవి. నదుల కూడలిలో దేవుణ్ని నిలపడం మనకూ కొత్త కాదు. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లి సంగమేశ్వరుణ్ని శ్రీశైలం నీళ్లు ముంచుతాయని ఆలంపురానికి తరలించిన సంగతి పాలమూరు జిల్లాల వాళ్లందరికీ తెలుసు. అయితే లియోన్ పీఠం మీద పూజలందుకున్నవాడు అప్పటికి రోమ్‌లో బతికి, రాజ్యం ఏలుతున్నాడు.

ఈ కొలుపు అన్నిచోట్లా ఒకేలా సాగలేదు. ఎవరి దగ్గర ఎంత అనాలో కొలిచి అనడం రోమన్ పాలకులు నేర్చిన విద్య. గ్రీకులకు రాజులను దేవుళ్లుగా కొలవడం అప్పటికే అలవాటు. కాబట్టి క్రీ.పూ. 29లో పెర్గమం, నికొమీడియా పట్నాల వాళ్లు తనకు గుడి కడతామంటే అగస్టస్ ఒప్పుకున్నాడు. అయితే తన పక్కన రోమ్ దేవత ఉండాలన్నాడు. అదే ప్రాంతాల్లో ఉండే రోమన్ పౌరులను మాత్రం చనిపోయిన జూలియస్ సీజర్‌ను కొలవమన్నాడు. రోమ్ నగరంలోనైతే తనకు గుడే వద్దన్నాడు. అక్కడ వీధి మూలల్లోని చిన్న గుళ్లలో ఇంటి దేవతల పక్కన అతని ప్రాణశక్తికి పూజ జరిగేది, మనిషికి కాదు. ఒకే మనిషి ఒకచోట దేవుడు, ఇంకోచోట దేవుడి కొడుకు, మూడోచోట పెద్ద పౌరుడు. ఈ మూడింటికీ సరిపోయేలా ఒకే నాణెం తయారు చేయాలి. లియోన్ అచ్చుపనివాడు ఆ కత్తి మీద సాము చేసి నెగ్గాడు.

టిబేరియస్ ఈ విషయంలో తండ్రి కన్నా జాగ్రత్తపరుడు. స్మిర్నా పట్నంలో తనకు గుడి కట్టనిచ్చాడు గాని, క్రీ.శ. 25లో స్పెయిన్ వాళ్లు అదే అడిగితే కాదన్నాడు. తాను మనిషినేనని సెనేట్‌లో చెప్పినట్టు చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. కానీ అతని హయాంలోనే చక్రవర్తి బొమ్మ ఉన్న నాణేన్ని మరుగుదొడ్డిలోకి తీసుకుపోయినా నేరమే అయ్యేదని మరో చరిత్రకారుడు స్వెటోనియస్ రాశాడు. మనిషి వద్దన్నా ముఖానికి మడి వచ్చేసింది. తర్వాత సుమారు క్రీ.శ. 112లో, నల్ల సముద్రం దిక్కున గవర్నరుగా ఉన్న చిన్న ప్లినీ క్రైస్తవులను ఎలా పరీక్షించాడో ట్రాజన్ చక్రవర్తికి రాశాడు. చక్రవర్తి బొమ్మ ముందు సాంబ్రాణి వేసి ద్రాక్షసారా పోస్తే వదిలేశాడు, పోయనివాళ్లకు శిక్ష వేశాడు. నాణెం మీద నెమ్మదిగా మొదలైన మాట చివరికి మనుషుల ప్రాణాల దాకా పోయింది. పనితనాన్ని మెచ్చుకుంటూనే ఈ సంగతి మరిచిపోకూడదు.

ఇక ఈ ముఖాలు మన నేలకు ఎలా వచ్చాయి? రోమన్ రచయిత పెద్ద ప్లినీ లెక్క ప్రకారం ఇండియా ఏటా రోమ్ నుంచి 5 కోట్ల సెస్టర్సులు లాగేసుకునేది. నాలుగు సెస్టర్సులకు ఒక దేనారం, అంటే కోటీ పాతిక లక్షల దేనారాలు. మిరియాలు, ముత్యాలు, సన్న బట్టలు పోయాయి, వెండి బంగారాలు వచ్చాయి. మచిలీపట్నం తీరాన్ని మసాలియా అని పిలిచిన నావికుల పుస్తకం ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్ అక్కడ సన్న బట్టలు విరివిగా నేస్తారని చెప్పింది. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి నాణెం బరువూ వెండీ తగ్గించాడు. మన వర్తకులు ఆ తేడా పసిగట్టారు. అందుకే మన దగ్గర పాత అగస్టస్, టిబేరియస్ నాణేలే ఎక్కువ కనిపిస్తాయి. సింహళ రాజు ఒకడు రోమన్ దేనారాలు చూసి, బొమ్మలు వేరువేరు రాజులవైనా బరువు సమానంగా ఉందని మెచ్చుకున్నట్టు కూడా ప్లినీయే రాశాడు. ఆ రాజు ముఖాలు చూడలేదు, త్రాసు చూశాడు.

మనవాళ్లూ అంతే. రోమ్‌లో మరుగుదొడ్డికి తీసుకుపోకూడని ముఖాన్ని మన దగ్గర ఉలితో నరికారు. 1898లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో దొరికిన 501 బంగారు నాణేల్లో చాలావాటి మీద చక్రవర్తి తల మీదుగా ఉలి గాటు ఉంది. బంగారం లోపలి దాకా ఉందో లేదో చూడ్డానికో, మళ్లీ చలామణిలోకి పోకుండానో కొట్టి ఉంటారు. గాటు పెట్టినవాడికి దేవుడి కొడుకు మీద పగ లేదు. అతనికి ఆ ముఖం ముఖంగా అక్కర్లేదు, అంతే.

కానీ ఇంకో చేయి ఆ ముఖాన్ని ముఖంగానే ఇష్టపడింది. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో నిజాం కాలపు పురావస్తు శాఖ 1940-41లో గులాం యజ్దానీ ఆధ్వర్యంలో తవ్వకాలు జరిపింది. శాతవాహనుల నాటి ఆ పట్నంలో బంగారు నాణెంతో పాటు మట్టి బిళ్లలు దొరికాయి. టిబేరియస్ నాణేన్ని తడిమట్టిలో ఒత్తి అచ్చు తీసి, ఆ అచ్చుతో చేసినవి. పైన దారం ఎక్కించుకునే ఏర్పాటు కూడా ఉంది. అంటే మెడలో వేసుకోవడానికే. నాకు అన్నిటికన్నా ముద్దొచ్చేది ఈ పనే. వెండి లేదు, సుత్తి లేదు, సామ్రాజ్యం లేదు. ఉన్నది కుమ్మరి మట్టి, ఒక అరువు నాణెం, ముచ్చట పడ్డ కళ్లు. లియోన్‌లో అచ్చుపనివాడు లోతుగా తవ్విన చెంప, మట్టిలో మళ్లీ పల్లమై, ఇంకోసారి మట్టిలో ఎత్తుగా లేచింది. చేయి మారిన కొద్దీ ముక్కు మొద్దుబారింది, అక్షరాలు గీతలయ్యాయి. ఆకుల దండ మాత్రం నిలిచింది. మన అవ్వల కాసుల పేరులో విక్టోరియా రాణి ముఖం ఎలా ఒదిగిందో ఆనాడు టిబేరియస్ ముఖం అలా ఒదిగింది. వేసుకున్న మనిషికి అతను దేవుడో, రాజో, అందమైన బొమ్మో మనం చెప్పలేం. గుండె మీద పెట్టుకుంది, అంతమటుకు నిజం.

శాతవాహనులు కూడా తర్వాత తమ ముఖాలతో వెండి నాణేలు వేశారు. వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ నాణేల మీద రాజు తల కనిపిస్తుంది. కానీ వాటి మీద ఉన్నది తల్లి పేరు, రాజు పేరు. తండ్రి దేవుడన్న మాట లేదు. గౌతమీపుత్రుణ్ని తల్లి బాలశ్రీ నాసిక్ శాసనంలో రాముడితో, కేశవుడితో, అర్జునుడితో పోల్చింది. పోల్చి అక్కడే ఆగింది.

బతికున్న ఏలికను దైవంతో కలిపే పని మన దగ్గర ఇంకో దారిలో, వెయ్యేళ్ల తర్వాత బాగా పండింది. దానికి మా బిజినేపల్లి మండలమే మంచి చోటు. మండలంలోని నంది వడ్డెమాన్ ఒకప్పటి వర్ధమానపురం, కాకతీయుల సామంతులైన గోన వంశం వారి రాజధాని. రంగనాథ రామాయణం రచించిన గోన బుద్ధారెడ్డి ఈ ఇంటివాడే. ఆ కావ్యాన్ని ఆయన తన తండ్రి విట్ఠలుడి పేర వెలయించాడు. బుద్ధారెడ్డి కూతురు కుప్పాంబిక భర్త మల్యాల గుండయ చనిపోయాక, 1276 నాటి బూదపూర్ శాసనం ప్రకారం, భర్త పేర గుండేశ్వరుణ్ని ప్రతిష్ఠించింది. ఆ బూదపూరే మనం మహబూబ్‌నగర్ పోయే దారిలో దాటే భూత్పూర్. మనిషి పేరు చివర ఈశ్వరుణ్ని చేర్చి లింగం నిలపడం ఆ కాలపు పద్ధతి. చనిపోయినవారికే కాదు, బతికున్నవారికీ. 1163లో కాకతీయ రుద్రదేవుడు వేయిస్తంభాల గుడిలో తన పేర రుద్రేశ్వరుణ్ని నిలిపాడు. 1213లో రేచర్ల రుద్రుడు రామప్పలో అదే చేశాడు. అన్నిటికన్నా రోమన్ కథకు దగ్గరిది దివిసీమలోది. గణపతిదేవుడి సేనాని జాయప 1231లో, ఏలిక రాజ్యం చేస్తుండగానే, అతని పేర గణపేశ్వర ఆలయం కట్టించాడు.

ఇక్కడ మన శిల్పి చూపిన విచక్షణ చూడండి. రామప్పలో నంది మెడలోని గంటల పట్టెడను పూస పూసగా చెక్కాడు. నల్లరాతి స్తంభాన్ని అద్దంలా మెరిసేలా నున్నబరిచాడు. చూరు కింద మదనికల నగలను దారం సన్నం దాకా తీశాడు. గర్భగుడిలో మాత్రం నునుపైన లింగం. కట్టించినవాడి పేరు మోసేది ఆ లింగమే. దాని మీద కన్ను లేదు, ముక్కు లేదు, కిరీటం లేదు. ఉలి తన చాతుర్యమంతా బయట ఖర్చు పెట్టి, లోపల చేయి కట్టుకుని నిలబడింది. పూజ శివుడికే అందుతుంది, పేరు మాత్రం రోజూ నోట్లో పలుకుతుంది. ఏలిక గద్దె దిగినా, వంశం పోయినా, దేవుడికి దెబ్బ తగలదు.

రోమన్ పద్ధతిలో ముఖమే అన్నీ. ముఖం మారితే నాణెం మారాలి, గుడిలో బొమ్మ మారాలి. సామ్రాజ్యం క్రైస్తవమయ్యాక నాలుగో శతాబ్దం చివర థియోడోసియస్ చక్రవర్తి పాత పూజలన్నిటినీ నిషేధించాడు. లియోన్ బలిపీఠం ఇవాళ లేదు, దాని రూపం రాగి నాణేల మీద మిగిలింది. దివిసీమలో గణపేశ్వరం పేరుతో ఊరు ఇవాళ్టికీ ఉంది. రెండు పనుల్లో ఏది గొప్పదని నన్నడిగితే, కంటికి లియోన్ అచ్చు గొప్పది, బుద్ధికి మన లింగం గొప్పది అంటాను.

మా వైపు రైతులకు, బోర్లు, పునాదులు తవ్వే మేస్త్రీలకు ఒక మనవి. దున్నుతుంటే, తవ్వుతుంటే పాత బిళ్ల ఏదైనా దొరికితే దాన్ని గీకకండి, చింతపండుతో తోమకండి, కరిగించడానికి అవుసలి దగ్గరికి తీసుకుపోకండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం దొరికిన సంగతి కలెక్టరుకు తెలియజేయాలి. తహసీల్దారు ఆఫీసులో చెప్పండి, ఏ చేనులో ఎంత లోతున దొరికిందో కూడా రాయించండి. దొరికిన చోటు తెలియని నాణేనికి సగం కథ పోతుంది.